ముందు నానబెట్టు, ఆ తర్వాతే గీకు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఎవరో వాడి వదిలేసిన అక్వేరియం తెచ్చుకున్నావనీ, అద్దాలకు పట్టిన పాచి రెండు రోజులుగా రుద్దుతున్నా వదలడం లేదనీ రాశావు. నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. ఆ తొట్టి బాగుపడుతుంది, పారవేయవద్దు. కానీ గీకడం మాత్రం ఇవాళ్టికి ఆపు. ఎండిన పాచి తడి పాచి కంటే చాలా మొండిగా అద్దాన్ని అంటిపెట్టుకుంటుంది. నువ్వు చేతి బలంతో చేయాలనుకుంటున్న పనిలో సగానికి పైగా, కాస్త ఓపిక పడితే, నీళ్లే చేసిపెడతాయి.

ముందుగా అద్దం మీద ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడ ఉన్నదంతా పాచి కాదు. నీటి మట్టం ఉండే చోట తెల్లగా, గరుకుగా కనిపిస్తున్న పట్టీ గార. నీళ్లు ఆవిరైన ప్రతిసారీ వాటిలోని కాల్షియం లవణాలు అద్దం మీదే మిగిలిపోయి, పొర మీద పొర చేరి సున్నంలా గడ్డకడతాయి. ఆ గారలో ఇరుక్కున్న పాచి ఎంత రుద్దినా రాదు, గార కరిగితే గాని దాని పట్టు సడలదు. దాని కింద గుండ్రంగా, చుక్కలు చుక్కలుగా ఉన్న పచ్చని మచ్చలు అసలైన మొండి పాచి, వాటికి బ్లేడు తప్పదు. మూలల్లోని గోధుమరంగు పొడి వేలితో తుడిచినా పోతుంది. ఫిల్టరు గొట్టం చివర నల్లగా గడ్డం వెంట్రుకల్లా వేలాడుతున్న కుచ్చులు వేరే జాతివి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

తొట్టి గాజుదో, అక్రిలిక్‌దో కూడా ఇప్పుడే చూసుకో. గోటితో తడితే గాజు ఖంగుమంటుంది, అక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది. అక్రిలిక్ అయితే బ్లేడునూ ఇనుప పీచునూ దగ్గరికి రానివ్వవద్దు, ఒక్క గీత పడితే అది అలాగే ఉండిపోతుంది. దానికి పాత ప్లాస్టిక్ కార్డు అంచు, మెత్తని గుడ్డ, ఓపిక, ఇవే సాధనాలు. గాజుదైనా అక్రిలిక్‌దైనా సబ్బు, గిన్నెలు తోమే ద్రవం, అద్దాలు తుడిచే స్ప్రేలు వాడకూడదు. కడిగినా ఏ మూలో మిగిలిపోయే కాస్త నురుగు చేపల మొప్పలకు హాని చేస్తుంది.

ఇక పని మొదలుపెట్టు. నీళ్లు కారినా పరవాలేని చోట, సమంగా ఉన్న గట్టి నేల మీద తొట్టిని పెట్టి, నిండా నీళ్లు పోసి ఒక పూర్తి రోజు కదపకుండా వదిలేయి. కింద ఫ్రేము లేని గాజు తొట్టి అయితే అడుగున థర్మోకోల్ షీటు వేయడం మంచిది. దీనితో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: పాచి నానుతుంది, అతుకుల్లో ఎక్కడైనా కారుతోందేమో కూడా తెలిసిపోతుంది. చుట్టూ పొడి కాగితాలు పరిచి ఉంచితే చిన్న చెమ్మ అయినా మచ్చగా కనబడుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు తూగుతాయి కాబట్టి, 100 లీటర్ల తొట్టిలో నీటి బరువే 100 కిలోలు ఉంటుంది. నీళ్లుండగా దాన్ని అంగుళం కూడా జరపవద్దు. త్వరగా నానుతుందని వేడినీళ్లు పోయవద్దు, గాజు పగలవచ్చు.

మర్నాడు నీళ్లు తీసేసి, గార ఎక్కువగా ఉన్న అద్దం కిందికి వచ్చేలా తొట్టిని పక్కకు పడుకోబెట్టు. వంటింట్లో వాడే మామూలు తెల్ల వినెగర్‌లో నీళ్లు కలపకుండా పాత గుడ్డను ముంచి, గార మీద పరిచి, గంటసేపు ఆరిపోకుండా చూసుకో. గుడ్డ అంచు ఎత్తి చూస్తే సన్నని బుడగలు లేస్తూ కనిపిస్తాయి, అది గార కరుగుతున్న గుర్తు. బుడగలు ఆగినా ఇంకా గరుకుదనం మిగిలి ఉంటే కొత్త వినెగర్‌తో మళ్లీ తడుపు. ఏళ్ల తరబడి పేరుకున్న గార ఒక్క విడతలో పోదు, మూడు నాలుగు సార్లు పట్టవచ్చు.

ఆ తర్వాతే బ్లేడు. కొత్త బ్లేడును పిడిలో బిగించి, అద్దాన్ని తడిగా ఉంచి, బ్లేడును దాదాపు పడుకోబెట్టినట్టుగా వాల్చి, ఒకే దిశలో ముందుకు నెట్టు. వెనక్కి లాగవద్దు. సరిగా నానిన పచ్చ చుక్కలు బ్లేడు అంచున పల్చని పొరలా చుట్టుకుంటూ లేచి వస్తాయి. అలా రాక, పొడిలా రాలుతూ కిర్రుమంటుంటే ఇంకా నానలేదని అర్థం. స్పాంజిని, బ్లేడును మాటిమాటికీ కడుగుతుండు. వాటి కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా అద్దం మీద గీత పడుతుంది.

బ్లేడు సిలికాన్ అతుకుకు వేలెడు దూరంలోనే ఆగిపోవాలి. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట మూలలో మిగిలిన పాచి మీద పట్టుదలకు పోయి బ్లేడు కొనను అతుకులోకి దూర్చాను. సన్నని కోత పడింది, కంటికి ఆనలేదు. నీళ్లు నింపి చేపలు వదిలిన వారం లోపే అడుగున చెమ్మ మొదలైంది. చేపలను బకెట్లలోకి మార్చి, లోపలి సిలికాన్ అంతా ఒలిచి, మళ్లీ కొత్తగా వేసుకోవలసి వచ్చింది. మూలలకు పాత పళ్ల బ్రష్షు చాలు. అతుకు లోపలికి దిగిన పచ్చదనం పూర్తిగా పోకపోయినా నష్టం లేదు.

మిగిలిన పాచి కణాలతో పాటు పాత చేపల రోగక్రిములు కూడా పోవాలంటే బ్లీచ్ కావాలి. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు తల్లీ. వినెగర్, బ్లీచ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. వినెగర్ జాడ లేకుండా తొట్టిని బాగా కడిగి, వినెగర్ గుడ్డలను దూరంగా పారేసిన తర్వాతే బ్లీచ్ సీసా మూత తీయి. గాలి ఆడే చోట, చేతికి గ్లవ్స్ వేసుకుని, సువాసనలూ సబ్బూ కలపని మామూలు బ్లీచ్ ఒక వంతుకు 19 వంతుల నీళ్లు కలిపి, పావుగంట ఉంచి పారబోయి. ఫిల్టరు గొట్టాలను కూడా అందులోనే ముంచు, ఆ నల్ల కుచ్చులు చచ్చి పాలిపోతాయి, బ్రష్షుతో వచ్చేస్తాయి. తర్వాత నాలుగైదు సార్లు కడిగి, మళ్లీ నీళ్లు నింపి క్లోరిన్ విరుగుడు మందు మామూలుకు రెట్టింపు వేసి, కొంతసేపయ్యాక తీసేసి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరనివ్వు.

తొట్టితో పాటు వచ్చిన చెక్కను బ్లీచ్‌లో వేయవద్దు, అది పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. దాని మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లి, కొన్ని నిమిషాలాగి, తోమి కడుగు. రాళ్లను ఉడకబెట్టవద్దు, లోపల చిక్కుకున్న చెమ్మ ఆవిరై రాయి పేలవచ్చు. ఫిల్టరులోని పాత స్పాంజిని మాత్రం పారేసి కొత్తది వేసుకో. రాగి కలిసిన మందులు ఎప్పుడైనా వాడారా అని పాత యజమానిని అడుగు, వాడి ఉంటే ఆ తొట్టిలో రొయ్యలు, నత్తలు పెంచాలన్న ఆలోచన మానుకో, రాగి వాటికి విషం.

ఇంత కష్టపడ్డాక పాచి మళ్లీ రాకూడదంటే, తొట్టి మీద నేరుగా ఎండ పడకూడదు. దీపం రోజుకు 6 నుంచి 8 గంటలకు మించకూడదు. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం కుళ్లి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పెరిగితే పాచికి అదే ఎరువు, అందుకే వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి.

బ్లీచ్ వేశాక ఆ తొట్టిలో చేపల మలినాన్ని శుద్ధి చేసే మంచి బాక్టీరియా కూడా మిగలదు. అది మళ్లీ పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నీటిని పరీక్షించినప్పుడు, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపలను కొనవద్దు. ఈ వ్యవధిలో అద్దాలకు పల్చని గోధుమరంగు పొర వస్తుంది. దాన్ని చూసి, పడిన శ్రమ వృథా అయిందని దిగులుపడి తొట్టి మళ్లీ ఖాళీ చేయవద్దు. అవి డయాటమ్‌లు అనే గోధుమరంగు సూక్ష్మ పాచి, కొత్తగా నింపిన తొట్టిలో రావడం మామూలే. నీళ్లు అలాగే ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచేయి, కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న