డోర్డోన్‌లో కారు లేకుండా, పెద్దవాళ్లతో

కారు నడపనన్నారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు, ఫ్రాన్స్‌లోని డోర్డోన్ ప్రాంతంలో మూడు రోజుల్లో ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ, కోటలు, నది అన్నీ కావాలన్నారు. అవుతుందండీ, కాకపోతే ఊళ్లు మారొద్దు. బోర్డో నగరం నుంచి రైల్లో సార్లా అనే ఊరు చేరి అక్కడే మకాం పెట్టండి. పల్లె బస్సుల్ని నమ్ముకుంటే రోజంతా స్టాపులోనే గడిచిపోతుంది. ఒక్క రోజుకి టాక్సీ ముందే మాట్లాడుకోండి.

అసలు లాస్కో గుహను 1963లోనే మూసేశారు. జనం ఊపిరికి బొమ్మలు పాడవుతుంటే తప్పలేదు. మోంతిన్యాక్ ఊళ్లో 2016లో తెరిచిన నకలు గుహ చూడొచ్చు. నకలే కదా అని తీసిపారేయకండి, గోడల ఎత్తుపల్లాలతో సహా దించారు. లోపల చలి, అమ్మగారికి శాలువా ఉంచండి.

బేనాక్ కోట నిలువు ఎక్కుడు, ఆవిడకి వద్దు. బదులు నది ఒడ్డున లా రోక్ గజాక్ ఊళ్లో గబార్ పడవెక్కించండి. ఒకప్పుడు సరుకులు మోసిన అడుగు చదునైన పడవలివి. గంటసేపు కూర్చునే కొండ అంచు ఇళ్లూ, కోటా చూసేయొచ్చు. మీరు మాత్రం కనూ, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, అద్దెకు తీసుకోండి, ఆ సరదా వేరు.

శనివారం ఉదయం సార్లా సంత. వాల్‌నట్లు అక్కడే కొనండి.