గేమింగ్ కంప్యూటర్: కొటేషన్‌లో ఐ7 కన్నా ముందు చూడవలసినవి

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వాలొరెంట్, జీటీఏ 5 వంటి ఆటల కోసం రూ.60 వేల లోపు కంప్యూటర్ కొనాలని ఉంది. 1080పీ మానిటర్ ఇంట్లోనే ఉంది. ఒక దుకాణంవారు నాలుగో తరం ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీ 730 కార్డు, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె)తో రూ.40 వేలకు కొటేషన్ ఇచ్చారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ఐ7 అన్న పేరు పక్కన ఏ తరమో చూడకపోతే ఆ పేరుకు విలువ లేదు. నాలుగో తరం ప్రాసెసర్లు 2013లో వచ్చాయి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పనిచేస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎవరో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చినా, వాలొరెంట్ ఆ విండోస్‌లో టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సురక్షితంగా తెరుచుకునే ఏర్పాటు) రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది, నాలుగో తరం కంప్యూటర్లలో సాధారణంగా టీపీఎం 2.0 ఉండదు కాబట్టి, మీరు ఏ ఆట కోసం కొంటున్నారో ఆ ఆట దగ్గరే ఆగిపోతారు.

కార్డు సంగతి ఇంకా బాధాకరం. జీటీ 730 కూడా 2014 నాటిదే. 4 జీబీ అన్న అంకె చూసి చాలామంది విద్యార్థులు మోసపోతున్నారు. కానీ ఆ కార్డుల్లో అత్యధికం డీడీఆర్3 మెమరీతో వచ్చినవి, సెకనుకు 30 జీబీ సమాచారం కూడా అందించలేవు. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600 కార్డులోని 8 జీబీ మెమరీ సెకనుకు 224 జీబీ అందిస్తుంది. మెమరీ ఎంత ఉన్నదన్న దానితో పాటు, ఎంత వేగంగా కదులుతుందన్నది ఆటకు ముఖ్యం.

కాబట్టి బడ్జెట్‌లో మూడో వంతుకు పైగా ముందు గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించి, మిగిలినవి దానికి తగినట్లు ఎంచుకోండి. 1080పీ తెరకు ఆర్‌ఎక్స్ 6600 చక్కగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3050 చూపిస్తే 6 జీబీదా, 8 జీబీదా అని తప్పక అడగండి. 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా తక్కువ. ప్రాసెసర్‌గా ఆరు కోర్ల రైజెన్ 5 5600 గానీ, ఐ5-12400ఎఫ్ గానీ చాలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగినందున లెక్క దాటిపోతే, ప్రాసెసర్‌ను నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్‌కు తగ్గించండి, కార్డును మాత్రం తగ్గించవద్దు. ఆటలకు 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగవంతమైన స్టోరేజీ)తో మొదలుపెట్టి తరువాత ఇంకొకటి చేర్చుకోవచ్చు.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఎవరూ అడగని వస్తువు, కానీ నా దృష్టిలో మిగతా అన్నింటి ప్రాణం దీని చేతిలో ఉంటుంది. దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకుని, పక్కనున్న స్టిక్కర్‌పై ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చదవండి. ఒకసారి నా చేతికి వచ్చిన పెట్టె మీద 500 వాట్లు అని పెద్దగా ముద్రించి ఉంది. గడిలో మాత్రం 18 ఆంపియర్లే. పన్నెండును 18తో హెచ్చవేస్తే 216 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, రైజెన్ 5 5600 గరిష్ఠంగా లాగే 76 వాట్లు కలిపితే 208. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ అన్నింటికీ కలిపి 8 వాట్లు మిగిలాయన్నమాట. ఆట మంచి పట్టు మీద ఉన్నప్పుడు కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావడానికి తరచు ఇదే కారణం. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే పక్కనున్న విడిభాగాలనూ వెంట తీసుకుపోవచ్చు. 12 వోల్టుల మీద 40 ఆంపియర్లకు తగ్గని, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తున్న, పేరున్న కంపెనీ 550 వాట్లది తీసుకోండి. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఈ కంప్యూటర్‌ను దానికి తగిలించవద్దు.

మే నెలలో మన తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, ముందువైపు అద్దంతో మూసిన క్యాబినెట్ కాక, జాలీ ఉండి రెండు ఫ్యాన్లు లోపలికి గాలి లాగేది ఎంచుకోండి.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. రైలెక్కితే మూడు నాలుగు గంటల ప్రయాణం, ధర కాస్త తగ్గవచ్చు. అయితే కార్డు, ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే మళ్లీ అంత దూరం మోసుకెళ్లాలి కాబట్టి, తేడా స్వల్పమైతే ఆ రెండూ ఊళ్లోనే, సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లుతో కొనమంటాను.

ప్రశ్న: చిత్తూరులో నెల కిందట ఐ5-12400, ఆర్‌టీఎక్స్ 3050తో కంప్యూటర్ కట్టించుకున్నాను. ఆటలు నత్తనడకన సాగుతున్నాయి. కార్డు లోపమా?

జవాబు: కార్డును అనుమానించే ముందు కంప్యూటర్ వెనక్కి వెళ్లి హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. మీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉన్నందున, పైన మదర్‌బోర్డు పోర్టులో గుచ్చినా బొమ్మ వస్తుంది. అప్పుడు చాలాసార్లు కార్డు ఖాళీగా కూర్చుంటుంది. కింద అడ్డంగా ఉండే కార్డు పోర్టులోకి మార్చండి. తరువాత ర్యామ్ ఒకే కర్రగా ఉందా, రెండా అన్నది చూడండి. రెండై, బోర్డుపై నాలుగు స్లాట్లు ఉంటే, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం 2133 అనో 2400 అనో కనిపించి, పెట్టె మీద 3200 అని ఉంటే, బయోస్‌ (మదర్‌బోర్డు సెట్టింగుల తెర)లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి.