సమతుల్యత, సమతౌల్యత: ఏది ఒప్పు?

సందేహం: విమానాల మీద ఒక వ్యాసం అనువదిస్తూ ‘విమాన సమతుల్యత కోసం ఇంధన సరఫరాను నిర్వహించడం’ అని రాశాను. మా సంపాదకులు దాన్ని ‘సమతౌల్యత’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: మీరు రాసిందే నయం. తుల అంటే త్రాసు. త్రాసులో సరితూగేది తుల్యం. ‘సమతుల్య’ విశేషణం, దానికి ‘త’ చేరిస్తే సమతుల్యత, ఆదివృద్ధి చేస్తే, అంటే ‘తుల్య’లోని మొదటి అచ్చు ‘ఉ’ను ‘ఔ’గా మారిస్తే, సమతౌల్యం. రెండూ భావార్థకాలే, అంటే గుణానికి పేర్లే; ఏదో ఒకటి చాలు. ‘సమతౌల్యత’ చొక్కా మీద చొక్కా తొడగడం. ప్రాధాన్యత, ప్రాముఖ్యత ఇలాగే వచ్చి ఇంట్లో మనుషులైపోయాయి, ఇక వెళ్లగొట్టలేం. కొత్తవాటికి తలుపు తీయడం ఎందుకు?

అసలు నాకు గుచ్చుకున్నది ‘నిర్వహించడం’. సభను నిర్వహిస్తాం, బాధ్యతను నిర్వహిస్తాం. ఇంధనాన్ని ఏం చేస్తాం? విమానంలో జరిగేది చూస్తే క్రియ అదే దొరుకుతుంది.

రెండు ఇంజన్ల విమానంలో మామూలుగా ఏ రెక్కలోని ట్యాంకు ఆ వైపు ఇంజనుకే. ఎడమ ట్యాంకు ముందుగా తరిగిపోతే విమానం కుడికి ఒరగజూస్తుంది. అప్పుడు పైలట్లు రెండు వైపులనూ కలిపే కవాటం తెరిచి, ఎడమ ట్యాంకు పంపులు ఆపుతారు. రెండు ఇంజన్లూ కుడి ట్యాంకు నుంచే తాగుతాయి. బరువులు సమం కాగానే పంపులు వేసి, కవాటం మూసేస్తారు. ఇక్కడ ఒక ట్యాంకులోని ఇంధనం ఇంకో ట్యాంకులోకి పోలేదు, కాబట్టి ‘బదిలీ’ తప్పు. కాలువ నీటిలా దారి మారింది, అంతే. ఇది మళ్లించడం.

1976 నుంచి 2003 వరకు ప్రయాణికులను మోసిన కాంకార్డ్ విమానం సంగతి వేరు. అది ధ్వనివేగం దాటేసరికి, గాలి దాన్ని పైకెత్తే చోటు దాదాపు రెండు మీటర్లు వెనక్కి జరిగేది. బద్ద కింద కావడివాడి భుజం వెనక్కి జరిగితే ఏమవుతుంది? ముందు బుట్ట కిందికి వాలుతుంది. కాంకార్డ్ ముక్కు అలా వాలకుండా సుమారు 20 టన్నుల ఇంధనాన్ని ముందు ట్యాంకుల నుంచి వెనక ట్యాంకుల్లోకి తోడేవారు; వేగం తగ్గించేటప్పుడు మళ్లీ ముందుకు. ఈ పని చూసుకునేది ఫ్లైట్ ఇంజనీరు. ఇది మళ్లింపు కాదు, అచ్చమైన తరలింపు.

పూర్వం కొట్లలో త్రాసు తట్టలు సమంగా నిలవకపోతే తేలికైన వైపు ఓ చిన్న బరువు వేసి సరిచేసేవారు. దాని పేరు పాసంగం. కాంకార్డ్‌లో ఇంధనమే పాసంగం. పైగా ఆ పాసంగాన్నే కాల్చుకుంటూ ఎగరాలి! పారిభాషిక పదంగా వాడమని అనను గాని, మాట మరుగున పడుతోందని గుర్తొచ్చింది.

మీ వ్యాసంలోది ఏ విమానమో రాయలేదు. రెక్కల సంగతైతే ‘విమానం ఒరగకుండా ఇంధనాన్ని మళ్లించడం’ అనండి. ముందు వెనకల సంగతైతే ‘ముక్కు వాలకుండా ఇంధనాన్ని వెనక్కి తరలించడం’. రెండింటికీ కలిపి కావాలంటే ‘తూకం తప్పకుండా ఇంధనాన్ని సర్దడం’. మీరూ మీ సంపాదకులూ పేచీ పడ్డ పదం వీటిలో దేనికీ అవసరం పడలేదు.