సెల్లర్ ఫైనాన్సింగ్‌లో వడ్డీ కన్నా గడువే ముఖ్యం

బ్యాంకు జోలికి పోకుండా, అమ్మే యజమానికే వాయిదాలు కడుతూ అమెరికాలో అద్దె ఇల్లు కొనవచ్చా, అందుకు ఎంత వడ్డీ వరకు ఒప్పుకోవచ్చు అని అడిగారు. కొనవచ్చు, నేను 2018లో రెండు వాటాల ఇల్లు అలాగే కొన్నాను. అయితే నన్ను ముంచబోయింది వడ్డీ కాదు, గడువు.

ఇంటి ధర 2,00,000 డాలర్లు. ముందుగా 20,000 ఇచ్చి, మిగిలిన 1,80,000కు ఇంటినే తనఖా పెట్టి నోటు రాశాను. వడ్డీ 6 శాతం, 30 ఏళ్ల లెక్కన నెలకు 1,079 డాలర్ల వాయిదా. కానీ ఐదేళ్లు నిండగానే మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి తీర్చాలన్న బెలూన్ షరతు అందులో ఉంది. సంతకం చేసే ముందు ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగితే, యజమాని అయిన పెద్దాయన నవ్వి, "అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం, గడువు పెంచుతానులే" అన్నారు. నేను ఆ మాటతో తృప్తిపడ్డాను.

2021లో బ్యాంకు వడ్డీలు బాగా దిగివచ్చినప్పుడే బ్యాంకు రుణం తీసుకొని ఈ బాకీ తీర్చేసి ఉండవలసింది. ఇంకా రెండేళ్లుంది కదా అని బద్ధకించాను. 2022లో పెద్దాయన కాలం చేశారు, నోటు ఆయన కుమార్తెకు సంక్రమించింది. 2023లో గడువు ముంచుకొచ్చేసరికి బ్యాంకు వడ్డీ 7 శాతం దాటింది. 60 వాయిదాల్లో దాదాపు 64,750 డాలర్లు కట్టినా, అసలులో తగ్గింది సుమారు 12,500 మాత్రమే. గడువు పొడిగించమని అడగడానికి వెళితే ఆమె కోపగించుకోలేదు. నోటు నా ముందుకు జరిపి, "నాన్న గడువు పెంచుతానన్నది ఇందులో ఎక్కడుందో చూపించండి" అన్నారు. నేను చూపించలేకపోయాను.

వీడియోల్లో ఈ పద్ధతిని బోధించేవారు ఇటువంటి సంగతులు చెప్పరు. పైగా, యజమానికి ఆ ఇంటి మీద బ్యాంకు బాకీ ఉన్నా ఫరవాలేదు, బ్యాంకు పట్టించుకోదు అంటారు. కానీ అమ్మకం జరిగితే రుణం మొత్తం తక్షణమే చెల్లించాలని కోరే హక్కు చాలా రుణపత్రాల్లో బ్యాంకుకు ఉంటుంది. ఆ హక్కును 1982 నాటి గార్న్–సెయింట్ జర్మెయిన్ చట్టం బలపరిచింది. బ్యాంకు ఇన్నాళ్లు ఊరుకున్నంత మాత్రాన రేపు కూడా ఊరుకుంటుందనుకోవడం వ్యాపారం కాదు, జూదం. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను జాగ్రత్తపడి, టైటిల్ పరిశీలన, అంటే ఇంటి యాజమాన్యం, దాని మీది బాకీల రికార్డుల తనిఖీ, చేయించి, బాకీ లేని ఇల్లే కొన్నాను.

నిజానికి ఒప్పందం రాసుకునే రోజున బేరమాడే బలం నాకు ఉండింది. వాయిదాల అమ్మకంలో లాభంపై పన్నును, తరుగుదలకు (ఇల్లు పాతబడుతుందని ఏటా పన్ను లెక్కలో తగ్గించుకున్న మొత్తానికి) సంబంధించిన భాగం మినహా, సొమ్ము చేతికందే కొద్దీ కట్టుకొనే వెసులుబాటు యజమానికి ఉంటుంది. ఆ పెద్దాయనకు కావలసింది కూడా అదే. అర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తానని చెప్పి, గడువును పదేళ్లకు మార్చమన్నా, కొంత అసలు చెల్లిస్తే మరో రెండేళ్లు పొడిగించుకొనే హక్కు రాయమన్నా ఆయన ఒప్పుకొనేవారని నా గట్టి నమ్మకం. అది అడగకుండా, పావు శాతం వడ్డీ తగ్గించమని గంటసేపు వాదించాను.

చివరకు ఆమె 15,000 డాలర్ల అసలు కట్టించుకొని, వడ్డీని 8 శాతానికి పెంచి, ఒక్క ఏడాది గడువిచ్చారు. ఈసారి ప్రతి మాటా కాగితం మీదికి ఎక్కింది.