మొదటి జాగ్రత్త: ఇనుప దండెం విప్పడం

ఇంట్లో చిన్నపిల్లలు, వయసు మళ్లినవారు ఉన్నప్పుడు ప్రమాదాలు జరగకుండా అన్నిటికంటే ముందు ఏ జాగ్రత్త తీసుకోవాలని అడిగారు. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు రెగ్యులేటరు కట్టేయడం, వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు తెరిచి 1906కు ఫోన్ చేయడం, స్నానాల గదిలో జారని బండలు వేయించడం వంటివి మీకు చాలామంది చెబుతారు. అవన్నీ అవసరమే. నన్నడిగితే మాత్రం, ముందు పెరట్లోకి వెళ్లి చూడండి, బట్టలారేసుకునే దండెం ఇనుప తీగదైతే ఈ రోజే విప్పి పారేయండి అంటాను. మన ఇళ్లలో గ్యాసు బండకంటే అదే ప్రమాదకరమని నా గట్టి నమ్మకం. వానకాలంలో ఏ జిల్లా పేజీ తిరగేసినా ‘దండెంపై బట్టలు ఆరేస్తుండగా’ అన్న వార్త ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. దాని కింద ఒక్కోసారి రెండు పేర్లుంటాయి, ఎందుకంటే పట్టి లాగబోయినవారు కూడా అదే తీగకు చిక్కుకుంటారు.

మా ఇంట్లో రెండో పేరు దాకా రాకపోవడం మా తెలివి వల్ల కాదు. తెనాలి దగ్గర మా పల్లెటూరి ఇంటి వెనుక రేకుల వసారా ఉంది. దాని ఇనుప పైపు నుంచి స్నానాల గది గోడకు కొట్టిన మేకు వరకు మా నాన్నగారు ఎప్పుడో కట్టిన జీఐ తీగే, అంటే జస్తా పూత పూసిన ఇనుప తీగే, మా దండెం. స్నానాల గది బల్బుకు వెళ్లే వైరును కూడా ఆ పైపుకే చుట్టి, మధ్యలో వేసిన అతుకుకు నల్ల టేపు అంటించి వదిలేశారు. ఎండలకు ఆ టేపు జిగురు కారిపోయి, వానలకు అతుకులోకి నీరు దిగింది. అంతకు వారం ముందే అమ్మ ఫోన్‌లో “దండెం జివ్వుమంటోందిరా” అని చెప్పింది. హైదరాబాదులో కూర్చుని నేను “తడి చేతులతో ముట్టుకుంటే అలాగే ఉంటుందమ్మా, చెప్పులేసుకో” అన్నాను. ఇంజనీరింగ్ చదివినవాడిని కనుక ఆమె నా మాట నమ్మింది.

వరలక్ష్మీ వ్రతానికి ఇంటికి వెళ్లాను. రాత్రంతా వాన పడి తెల్లవారి కాస్త తెరిపి ఇచ్చింది. అమ్మ తలస్నానం చేసి, జుట్టుకు తువాలు చుట్టుకుని, పిండిన చీర దండెం మీద వేయడానికి వెళ్లింది. వ్రతం రోజు కనుక చెప్పులు వేసుకోలేదు. ఆమె అరవలేదు, అది మీరు గుర్తుంచుకోవాలి. కరెంటు పట్టినప్పుడు మనిషి కేకలు వేస్తాడనుకుంటాం గాని, చేతి కండరాలు బిగుసుకుని తీగను వదలనివ్వవు, ఒక్కోసారి గొంతు కూడా పెగలదు. నాన్నగారు వంటింటి కిటికీ లోంచి చూసి, ఈమె ఇంతసేపు అక్కడ కదలకుండా నిలబడి ఏం చేస్తోందని విసుక్కున్నారట. చీర కొంగు మాత్రం వణుకుతూ ఉంది. అది చూసి ఆయన పరుగెత్తారు, నేను వెనుక నుంచి నడుము పట్టి ఆపి, ముట్టుకోవద్దని అరిచి, మెయిన్ కట్టేయడానికి లోపలికి ఉరికాను.

మెయిన్ ఉన్నది సామాను గదిలో. రెండేళ్ల కిందటే పాత ఫ్యూజులు తీయించి కరెంటు మితిమీరితే తమంత తామే పడిపోయే ఎంసీబీ స్విచ్చుల పెట్టె ముచ్చటగా పెట్టించాము. దాని ముందు ఆడించి తెచ్చిన బియ్యం బస్తాలు నాలుగు, వాటి మీద ఆవకాయ జాడీలు, జాడీల మీద పాత దినపత్రికల కట్ట. ఒక జాడీ పగిలింది, ఒక బస్తా మాత్రమే కదిలింది. ఈలోగా పెరట్లో ఏదో తెగిన చప్పుడు వినిపించింది. అమ్మ కాళ్లు సడలి బరువంతా తీగ మీద పడేసరికి, పైపు దగ్గర తుప్పు పట్టిన ముడి తెగిపోయి, ఆమె బురదలో పడింది. ఇదంతా పది లెక్కపెట్టేంత సేపు కూడా కాదు. మా అమ్మను కాపాడింది నేనూ కాదు, నాన్నగారూ కాదు, తుప్పు. 108కు ఫోన్ చేసినా, ఆ లోపే పక్కింటివారి ఆటోలో పట్నానికి తీసుకువెళ్లాము. అరచేతిలో తీగ మందాన గీతలా కాలింది. షాకు కొట్టిన తరువాత గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందని ఈసీజీ తీసి ఒక రోజు ఉంచుకుని పంపించారు.

ఆ మధ్యాహ్నం వచ్చిన ఎలక్ట్రీషియన్ పెట్టె తెరిచి చూసి, ఎంసీబీ ఉంది కదండీ, ఇది పడిపోయి ఉండాలే అని ఆశ్చర్యపోయాడు. నేను చదివినదంతా తల్చుకుని సిగ్గుపడింది అప్పుడే. తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లోంచి పారే కరెంటు 0.23 ఆంపియర్లు, అంటే వెనుకటి అరవై వాట్ల బల్బు తినేదానికంటే కొంచెం తక్కువే. గుండెను ఆపడానికి అందులో కొద్ది భాగం చాలు. మా దీపాల లైనులోని ఎంసీబీ 6 ఆంపియర్లది. దాని దృష్టిలో మా పెరట్లో ఒక బల్బు వెలుగుతోంది, అంతే. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. వైరు వేడెక్కి కాలిపోకుండా చూడటం దాని ఉద్యోగం, ఆ ఉద్యోగం అది సక్రమంగానే చేస్తుంది.

మనిషిని కాపాడేది వేరే పరికరం, దాని పేరు ఆర్‌సీసీబీ. కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ రెండూ దాని గుండానే వెళ్తాయి. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి వచ్చిందా లేదా అని అది లెక్క చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు లెక్కకు తక్కువైతే, ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతున్నట్లు భావించి, సెకనులో చిన్న భాగంలో లైను కోసేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడిగి తీసుకోవాలి. 100, 300 కూడా అమ్ముతారు, అవి ప్రాణరక్షణకు పనికిరావు. రెండు మూడు వేల రూపాయలకు వస్తుంది. టీవీకి స్టెబిలైజరు, ఫ్రిజ్జుకు స్టెబిలైజరు కొనే ఇంట్లో మనిషికి ఈ పెట్టె ఎందుకు కొనరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీటరు ఆగ్నేయంలోనే ఉండాలని గోడ పగలగొట్టించే యజమాని, లీకైన కరెంటు నేలలోకి పోయే ఎర్తింగ్ గుంత తీశారా, అందులో ఉప్పు, బొగ్గు వేశారా అని ఒక్క మాట అడగడు.

మన ఎర్తింగ్ ఏమిటంటే వాషింగ్ మెషిన్ పక్కన ఉండే రబ్బరు చెప్పుల జత. ఏ ఇంటికి వెళ్లినా చూడండి, “దాన్ని ముట్టుకునేటప్పుడు చెప్పులేసుకోండి, కాస్త చిమచిమలాడుతుంది” అని కాఫీ ఇచ్చినంత మామూలుగా చెబుతారు. చిమచిమలాడటం ఆ యంత్రం స్వభావం కాదు, ఎక్కడో లీకు ఉందని అది చెబుతున్న మాట. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పెద్ద పిన్ను మిగతా వాటికంటే పొడుగ్గా ఉండేది కూడా ఇందుకే, కరెంటు తగలడానికి ముందే ఎర్తు తగలాలని. మనం ఆ రంధ్రంలో అగ్గిపుల్ల దూర్చి, కింద రెండు పిన్నుల ఛార్జరు పెట్టుకుంటాం. పిల్లలున్న ఇళ్లలో ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పెద్దలు చేసింది పిల్లలు మేకుతో చేస్తారు.

ఆర్‌సీసీబీ పెట్టించగానే సుఖపడతారని అనుకోవద్దు. మా ఇంట్లో మూడు రోజులు అది నిలవలేదు. పెట్టడం, పడిపోవడం, మళ్లీ పెట్టడం. చూడవచ్చిన బంధువులు అది నాసిరకమన్నారు, ఎలక్ట్రీషియన్ అయితే పక్క నుంచి డైరెక్టుగా కలిపేస్తానన్నాడు. ఇటువంటి పెట్టె ఉండీ దిష్టిబొమ్మలా గోడకు వేలాడే ఇళ్లు నేను కొన్ని చూశాను. నేను ఒప్పుకోకుండా ఒక్కొక్క లైనూ విప్పించి వెతికిస్తే, ఇన్వర్టరు న్యూట్రల్‌ను ఇంటి న్యూట్రల్‌తో కలిపేయడం ఒక కారణం, గీజరు కాయిలు చిల్లుపడటం రెండో కారణం అని తేలింది. అంటే అన్నేళ్లుగా మేము చిల్లుపడిన గీజరు నీళ్లే స్నానానికి పోసుకుంటున్నాము.

ఆర్‌సీసీబీకి కూడా ఒక హద్దు ఉంది. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరే రేకుల అంచుకు ఒరుసుకుని పై తొడుగు పోతే, ఆ కరెంటు ఆర్‌సీసీబీని దాటకముందే రేకుల్లోకి, రేకుల నుంచి దండెంలోకి వస్తుంది; అప్పుడు ఆ పెట్టె ఏమీ చేయలేదు. అటువంటి వైరు కనబడితే నిచ్చెన వేసుకుని టేపు చుట్టకుండా విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయాలి. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవారినీ అది గుర్తించలేదు. అందుకే నా జవాబులో దండెం ముందు, పెట్టె తరువాత.

ఇప్పుడు మా సామాను గదిలో మెయిన్ ముందు మూడడుగుల మేర నాన్నగారు సున్నంతో గీత గీశారు, దాని లోపల చీపురు కూడా పెట్టనివ్వరు. ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అని ఒక చిన్న మీట ఉంటుంది, పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నెలకొకసారి నొక్కాలి. ఒకటో తేదీన నాన్నగారి పింఛను మెసేజి రాగానే అమ్మే వెళ్లి నొక్కుతుంది. ఇల్లంతా టక్కున ఆగిపోతుంది, వార్తలు చూస్తున్న నాన్నగారు కేకలేస్తారు, ఆమె తీరిగ్గా మళ్లీ పైకి ఎత్తుతుంది. పెరట్లో కొత్త దండెం నైలాను తాడుది. నాలుగు తడి చీరలు పడగానే సాగి నేలకు వేలాడుతోందని, ఇనుప తీగ అయితే ముప్పయి ఏళ్లలో ఒక్కసారి కూడా అలా సాగలేదని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది. మధ్యలో వెదురుకర్ర పోటు పెట్టాము.