ఎంఎంఎస్6 జీన్ తీసేసినా క్రిస్టల్స్ వస్తున్నాయా?

లోపల అయస్కాంత క్రిస్టల్స్ తయారు చేసుకునే ఏఎంబీ-1 అనే బ్యాక్టీరియాలో ఎంఎంఎస్6 జీన్ తీసేశాక కూడా బ్యాక్టీరియా కణాలు అయస్కాంతం వైపు కదులుతున్నాయి, డిలీషన్ ఫెయిలైందేమో అని రాశారు కదా, టెన్షన్ అక్కర్లేదండి. ఆ జీన్ నుంచి తయారయ్యే ప్రొటీన్ ముఖ్యంగా మాగ్నటైట్ (అయస్కాంత గుణం ఉన్న ఇనుప ఆక్సైడ్) క్రిస్టల్స్ రూపాన్ని, సైజును అదుపు చేస్తుంది; దాని చివర ఉండే ఆమ్ల గుణం గల భాగం ఇనుము అయాన్లను పట్టుకుంటుంది. అది లేకపోతే క్రిస్టల్స్ వస్తాయి, కానీ చిన్నగా, ముఖాలు మారిపోయి. అసలు రాకూడదంటే మామ్‌ఓ, మామ్‌ఈ లాంటి జీన్లు తీయాలి, అప్పుడు క్రిస్టల్స్ పెరగాల్సిన పొర సంచులు ఖాళీగా మిగులుతాయి. ముందు పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను కాపీలు చేసి చూసే పరీక్ష) చేసి జీన్ పోయిందో లేదో చూడండి. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో జీన్ తీయని మామూలు రకం పక్కన పెట్టి క్రిస్టల్స్ కొలవండి, అయితే రెండు కల్చర్లకూ ఆక్సిజన్ ఒకేలా, బాగా తక్కువగా ఉండాలి, గాలి ఎక్కువైతే మామూలు రకంలోనూ క్రిస్టల్స్ సరిగ్గా పెరగవు, అప్పుడు తేడా జీన్‌ వల్లో గాలి వల్లో తేల్చలేం.