ఎండలో తిరిగే మనిషికి లైట్ చికిత్స ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 52 ఏళ్లు, అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పని చేస్తారు. తొడల మీద మచ్చలు వస్తే తామర అనుకుని ఏళ్ల తరబడి మందుల షాపులో కొన్న ఆయింట్‌మెంట్లు రాశారు. ఇప్పుడు ముక్క పరీక్ష చేసి, మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మ క్యాన్సర్ తొలి దశలో ఉందన్నారు. వారానికి మూడుసార్లు లైట్ చికిత్సకు నెల్లూరు రమ్మన్నారు. రోజంతా ఎండలో ఉండేవాడికి మళ్లీ ఆ లైటు దేనికని నాన్నగారు అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: నాన్నగారి సందేహం కొట్టిపారేయదగినది కాదు. అయితే ఈ జబ్బు సాధారణంగా పిరుదులు, తొడలు, నడుము వంటి బట్ట కప్పి ఉంచే చోట్లనే మొదలవుతుంది కనుక, గుంట గట్టు మీద ఎంతసేపు నిలబడినా ఆ మచ్చలకు ఎండ సోకదు. ఇది తామరలాగా అంటుకునేది కాదు. టి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే అరుదైన లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్.

పైగా ఎండలో రకరకాల కిరణాలు కలిసి ఉంటాయి, వాటి తీవ్రత పూటపూటకూ మారుతుంది. లైట్ చికిత్సలో వాడే న్యారోబ్యాండ్ యూవీబీ దీపాలు మాత్రం అతినీలలోహిత కిరణాల్లో ఒక సన్నని భాగాన్ని, ప్రధానంగా 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ప్రాంతపు కిరణాలనే ఇస్తాయి. అవి పైచర్మంలో చేరిన ఆ కణాలను చంపుతాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చర్మం కందుతున్నదేమో చూసుకుంటూ క్రమంగా పెంచుతారు. కళ్లకు నల్లద్దాలు, మర్మాంగాలకు కప్పు తప్పనిసరి.

మచ్చలు దళసరిగా ఉంటే, మరింత లోతుకు వెళ్లే యూవీఏ అనే మరో రకం అతినీలలోహిత కిరణాలను, వెలుగుకు చర్మం త్వరగా స్పందించేలా చేసే సొరాలెన్ మాత్ర మింగిన తరువాత ఇస్తారు. దీనినే పూవా అంటారు. మాత్ర వేసుకున్న రోజు ఎండలోకి వెళ్లకూడదు, 24 గంటలు రక్షణ కళ్లద్దాలు తీయకూడదు. రొయ్యల గుంటల మీద పనిచేసే మనిషికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు కనుక, పలచని మచ్చలే అయితే న్యారోబ్యాండ్‌తో మొదలుపెట్టడమే నాకు సబబుగా తోస్తున్నది. పూవాను ఏళ్ల తరబడి చేస్తే ఇతర చర్మ క్యాన్సర్ల ముప్పు కూడా పెరుగుతుంది.

చికిత్స నెలల తరబడి సాగుతుంది. మచ్చలు మాయమైనా డాక్టరు చెప్పేదాకా ఆపవద్దు, ఎందుకంటే ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. ఇంతకాలం రాసిన ట్యూబులనూ, వాడే ఇతర మాత్రలనూ తీసుకెళ్లి చూపండి. డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతుంటే చర్మం త్వరగా కాలుతుంది. రొయ్యలు పట్టే రోజుల్లో కొన్ని విడతలు తప్పిపోతే, తరువాత వెళ్లినప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి. అప్పుడు పాత మోతాదే ఇవ్వకుండా, తగ్గించి మొదలుపెడతారు.